పుట్టుకతోనే కూలిన గోడ

“సిగ్గుండాలి మీ వంశానికి! ఆకలితో చచ్చేవాళ్ళ చేత గోడ కట్టించింది చాలక, ఇప్పుడు దాని ముందు ప్రేమజంటలకి ఫోటోలా?”

టూరిస్టులు గొడుగుల కింద నుంచి తలలు తిప్పారు. ఎస్టేట్ వారసుడు డెస్మండ్ మాట నోట్లోనే ఉండిపోయింది. ఆ మాటేమిటంటే, “బంగాళదుంపల కరువులో మా పెద్దలు దయతలచి ఐర్లండ్ పేదలకి పని కల్పించారు.”

ఎంత దయ! ఊరికే పెడితే జనం చెడిపోతారని, ఎవరికీ పనికిరాని కొత్త గోడని ఎప్పుడో కూలిపోయినట్టు కట్టించారు. కూలి కింద గిన్నెడు గంజి.

అరిచిన పిల్ల నూలా, గోడ అవతలి ఊరి బడిపంతులమ్మ.

వాన జోరందుకుంది. టూరిస్టులు టీకి పరిగెత్తారు. వీళ్ళిద్దరూ గోడ పక్కకి చేరారు. పైకప్పుంటే కదా!

“ఇంత కట్టించి, ఇద్దరు తలదాచుకునే చోటు పెట్టలేదేం దొరగారూ?”

“సారీ. అప్పటికి నేను పుట్టలేదు.”

“పుట్టుంటే?”

“గొడుగు పట్టేవాణ్ణి,” అంటూ పట్టాడు.

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు ఒళ్ళు మండింది.

“గోడలో ఆ కిటికీల్ని రాళ్ళతో ఎందుకు పూడ్చారో తెలుసా?”

“గాలి ఆపడానికని నాన్న చెప్పారు.”

“గాలికా! మీ దొరసాని టిఫిన్ తింటుంటే మా గుడిసెలు కనబడకూడదని.”

తరువాతి ఆదివారం అతని ఉపన్యాసంలోంచి దయ ఎగిరిపోయింది. ఆ పై ఆదివారం గంజి వచ్చి చేరింది. నూలా ప్రతిసారీ ముందు వరసలో నిలబడి తప్పులు దిద్దింది. టీకి కూడా ఉండిపోసాగింది. తప్పులు దిద్దడానికే లెండి!

ఆ ఇంటి మగాళ్ళు నడిమి కిటికీ కిందే మోకరిల్లి పెళ్ళికి అడగాలట. వసంతం రాగానే డెస్మండూ ఉంగరం పట్టుకుని అక్కడే బురదలో మోకరిల్లాడు. ఇన్ని ఆదివారాలు విన్నాక కూడా!

“ఇక్కణ్ణుంచి నీకేం కనబడుతోంది?” అంది నూలా.

“నువ్వు.”

“డైలాగులొద్దు. నా వెనక?”

“మా బంగళా.”

“మరి మా ఇల్లు?”

అతను వెనక్కి తిరిగి, రాళ్ళతో పూడ్చిన కిటికీ వైపు చూశాడు.

“నువ్వంటే నాకిష్టమే. చచ్చేంత ఇష్టం. నవ్వకు! కానీ ఈ గోడ ఇలా ఉండగా నేను ఊ అనను. ఉంగరం జేబులో పెట్టుకో. పోయి గునపం పట్రా. ఒక్క కిటికీ కాదు, అన్నిట్లో రాళ్ళూ పీకు. మీ అమ్మ టిఫిన్ బల్ల దగ్గర కూర్చుంటే మా అమ్మ వంటిల్లు కనబడాలి. అప్పుడడుగు. లే, ఇంకా కూర్చున్నావేం?”