రామచంద్ర అయ్యవారి ఎడారి ప్రయాణం

పుత్తూరులో రైలుగేటు అవతల రామచంద్ర అయ్యవారి ఇల్లుండాదే — పొద్దు గూకితే ఆ సందులో మనిషన్నోడు నడవడు. బీగమేసిన ఇంట్లోంచి మాటలు ఇనబడతాయంటారు. నేనైతే నమ్మలేదబ్బా. దెయ్యాలకు ముచ్చట్లేమిటికి, మన మాదిరి టీ అంగడి కాడ కూసునేవోళ్ళకు గానీ!

అయ్యవారు ధనిష్ఠ నక్షత్రంలో పోయినాడు. మంచిది కాదని ఆర్నెల్లు ఇల్లు మూసిపెట్టినారు. దీపం లేదు, పొయ్యి లేదు. ఆయన భార్య పద్మాక్షమ్మ పక్కవీధిలో తమ్ముడింటికి పోయింది.

మాటలు మొదలైంది అప్పుడే.

ఈ సంగతి నాకు చెప్పింది మునిశేఖర్. అయ్యవారికి ప్రాణస్నేహితుడు, కరెంటాఫీసులో రిటైరైనాడు. రాజస్థాన్‌లో ఎడారి నేషనల్ పార్కు ఉండాదంట. ఆడ బట్టమేక పిట్టను చూడాలని అయ్యవారి ఆశ. "మన పక్క కనబడ్డం లేదప్పా, ఆడన్నా చూసొద్దాం, నువ్వూ రా" అని పోరేవాడు. మునిశేఖర్ ఏమో "వచ్చే చలికాలం పోదాంలే" అని నాలుగు చలికాలాలు దాటేసినాడు. ఐదోది రాకముందే అయ్యవారు పోయినాడు.

ఒకనాడు పొద్దు గూకినాక మునిశేఖర్ ఆ సందులో వస్తా ఉంటే...

ఇంట్లోంచి గుసగుస.

"ఈడ ఎక్కి మద్రాసు... ఆడినుంచి జోధ్‌పూర్... జైసల్మేర్... రెండు దుప్పట్లు... పొద్దన్నే జీపు..."

ఒళ్ళు జల్లుమనింది. అయ్యవారు నోటుబుక్కులో రాసుకున్న ప్లానే — ఒక్క ముక్క తేడా లేదు! కాళ్ళు పరిగెత్తమంటా ఉండాయి, మనసు పోనీలేదు. కిటికీ సందులోంచి చూసినాడు.

వీధిలైటు వెలుతురు కొంచెం లోపల పడతా ఉండాది. నేల మీద — పద్మాక్షమ్మ! దొడ్డి తలుపు తీసుకోని వచ్చినట్టుండాది. కిటికీకి వీపు పెట్టి, మొగుడి నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకోని, ఖాళీ కుర్చీతో మాట్లాడతా ఉండాది.

"నీకు ఒంటిగా ఉండాలంటే భయం గదా... అందుకే దినామూ వస్తాండా. మునిశేఖరన్న ఈసారి తప్పకుండా వస్తానన్నాడు. అలిగి ఉండొద్దయ్యా... ఒక్క మాట మాట్లాడు."

మునిశేఖర్ ఆ మాట ఎప్పుడూ అనలేదు. మొగుడి మనసు నొచ్చుకోకూడదని పాపం ఆయమ్మ అబద్ధం చెప్తా ఉండాది. ఇతనికి దుఃఖం ఆగలేదు. స్నేహితుణ్ణి క్షమించమని అడగాలనుకున్నాడు. నోట్లోంచి వచ్చింది ఒక్కటే —

"పోదాం..."

లోపల గుసగుస ఆగిపోయింది.

"వచ్చినావా!" అనింది ఆయమ్మ, కుర్చీని పట్టుకోని. ఏడుస్తా నవ్వుతా ఉండాది. "ఇన్నాళ్ళూ యాడుంటివయ్యా!"

నేనమ్మా, మునిశేఖర్ని అని చెప్పడానికి నోరు రాలేదంట. సందు దాటేదాకా ఆగకుండా నడిచినాడు.

ఇదంతా చెప్పి టీ గ్లాసు పక్కన పెట్టేసినాడు.

"మళ్ళా ఆ పక్క పోలేదు గదా?" అని అడిగినా.

"రోజూ పోతా ఉండా. కిటికీ కాడ నిలబడి ఆ ఒక్క మాటే అంటా. అనకపోతే ఆయమ్మ తెల్లార్లూ ఆ చీకట్లోనే కూసుంటాది."

చల్లారిన టీ గ్లాసు మళ్ళా చేతికి తీసుకున్నాడు.

"వచ్చే నెలకు ఆర్నెల్లు నిండతాయి. తలుపులు తీసి దీపం పెడతారు. ఆ పొద్దు ఆయమ్మకు మొగుడు రెండోసారి చచ్చిపోతాడప్పా..."