తడి ఆరని రీడు

చర్చి అయిపోయినంక పదకొండున్నరకు కాశిబుగ్గల ఉన్న ప్రభుదాసు ఇంటి ముందు షామియానా కింద కూసున్నం. వాడు పోయి నలభై రోజులైంది. జ్ఞాపకార్థ కూడిక పెట్టిన్రు. ఇంటెనక బగార అన్నం దమ్ము మీదున్నది, మటన్ వాసన గల్లీ అంత కమ్ముకున్నది. మా టెన్త్ బ్యాచోళ్లు పదిహేను మంది దాక వచ్చిన్రు. తిరుమల మైకు పట్టుకొని ఏడుస్తాండు.

"మన బ్యాచ్ మొత్తానికి ఒక్కడే కళాకారుడు. మన ప్రభుదాసు," అన్నడు.

నాకు కడుపు మండింది. ఒక్కడేనట! పన్నెండు మంది బ్యాండుకు మాస్టర్ను నేను, ముందు కుర్చీల కూసుంటే వీని కండ్లకు ఆనలే. బతికున్నప్పుడు వాని గడప తొక్కనోళ్లు గూడ ఇయ్యాల కండ్లు తుడుసుకుంటాన్రు.

నా పేరు వినయ్. ప్రభుదాసు, నేను ఒకటే బెంచి. బడిల బ్యాండు సార్ దగ్గర ఇద్దరం ఒకటే రోజు క్లారినెట్ పట్టినం. నేను నెల రోజులు కిందమీద పడి నేర్సిన ముక్కను వాడు పొద్దుగూకేలోపు నేర్సేటోడు. తర్వాత ఒకటే పెండ్లి బ్యాండుల చేరినం. బరాతుల వాడు ఊదుతాంటే పెండ్లికొడుకు గూడ గుర్రం దిగి ఎగిరేటోడు. నేను పక్కన సెకండు క్లారినెట్ ఊదేటోణ్ణి. ఇరవై ఏండ్లు పక్కన్నే ఊదిన. ఎన్నేండ్లని ఓర్సుకుంటరు ఎవలైనా?

పన్నెండేండ్ల కింద, పెండ్లిళ్ల సీజన్ల వానికి దుమ్ముకు దగ్గు పట్టింది. నేను మా బ్యాండు ఓనరు చెవిల వేసిన. "ప్రభుదాసు దస్తీల రక్తం చూసిన సార్. టీబీ ఉన్నట్టుంది."

రక్తం లేదు, పాడు లేదు. ఉత్త అబద్ధం. బ్యాండుల ఒకటే సీసా నీళ్లు అందరు తాగుతరు, ఒకటే వ్యాన్ల ఇరుక్కొని పోతరు. వారం తిరగకముందే వాని పక్కన నిలబడేటోడు లేడు. ఏ జబ్బు లేదని దవాఖాన కాయితం తెచ్చి అందరికి చూపెట్టిండు. ఎవ్వలు నమ్మలే. వాని జాగల నేనొచ్చిన, తర్వాత బ్యాండుకు మాస్టర్నైన. వాడు మళ్ల ఏ బ్యాండుల చేరలే. ఇంట్ల తలుపు పెట్టుకొని ఒక్కడే ఊదుకునేటోడు. ఆఖరికి గుండె ఆగి పోయిండు.

పాస్టర్ ప్రార్థన అయినంక వాని భార్య జ్యోతి నా దగ్గరికొచ్చింది.

"అన్నా, ఆయన క్లారినెట్ ఇయ్యాల నువ్వే ఊదాల్నట. పోయే ముందురోజు నాతోని మాట తీసుకున్నడు."

నాకు లోపట సంతోషమే అయింది, దాచుడెందుకు. కళాకారుడు ఎవడో ఆ తిరుమలగాడు గూడ చూస్తడు అనుకున్న.

జ్యోతి వెంట లోపలి గదిలకు పోయిన. చప్పుడు బయటికి పోవద్దని వాడు కిటికీకి మందపాటి కొత్తవాడ జంపఖానా మేకులు కొట్టి బిగిచ్చిండు. మిట్టమధ్యాహ్నం చీకటి. గడప దాటంగనే బయటి మాటలు ఆగిపోయినయి. లవంగం వాసన గుప్పుమన్నది. ఊదేముందు లవంగం నమలుడు వాని అలవాటు. నలభై రోజులు మూసిన గదిల ఆ వాసన ఇప్పుడే నమిలినంత ఘాటుగున్నది.

జ్యోతి క్లారినెట్ పెట్టె తాళం తీసి నా చేతికిచ్చింది. తెరిసిన.

క్లారినెట్ నోట్లె పెట్టుకునే కాడ సన్నటి బద్ద ఒకటి ఉంటది. దాన్ని రీడు అంటం. ఊదుడు కాంగనే తీసి, తుడిసి, ఆరబెడతం. లేకుంటే బూజు పడ్తది. ప్రభుదాసు ఒక్కనాడు మరిసినోడు కాదు. ఇప్పుడు రీడు బిగిచ్చే ఉన్నది. బొటనవేలుతోని ముట్టి చూసిన.

తడి.

"ఎవలన్న ఊదిన్రా చెల్లె?"

"ఎవలు ముట్టలే అన్నా. పెట్టె తాళంచెయ్యి నా కొంగుకే ఉన్నది."

ఒకని రీడు ఇంకొకడు నోట్లె పెట్టడు. మా లైన్ల అది కట్టుబాటు. నాది నా జేబుల ఉన్నది. వానిది తీసి నాది పెడ్దామని వేలు పెట్టిన. జ్యోతి నా చెయ్యి దిక్కే చూస్తాంది.

"తీస్తానవా అన్నా?" అని మెల్లగ అడిగింది. "నీకు గూడ భయమేనా... ఆయన జబ్బంటే?"

వానికి ఆ జబ్బు లేదని ఈ భూమ్మీద అందరికన్న ఎక్కువ తెలిసినోణ్ణి నేనే. తీస్తే ఆమె ముందల ఆ అబద్ధం మళ్లొకసారి చెప్పినట్టే. చెయ్యి వెనక్కి తీసుకున్న.

"ఛ, ఛ... గట్లంటవేంది చెల్లె," అని ఆ రీడుతోనే బయటికొచ్చిన.

మైకు ముందు నిలబడ్డ. వాడు చర్చిల ఎప్పుడు ఊదే పాటనే ఎత్తుకుందామని నోట్లె పెట్టుకున్న. నాలికకు లవంగం తగిలింది. నేనింకా ఊదలే. దేవుని తోడు, ఊదలే.

పాట మొదలైంది.

ఊపిరి నేను వదుల్తలేను... అదే గుంజుకుంటాంది. నా వేళ్లు వాటంతట అవే లేస్తానయి, పడ్తానయి. ఇరవై ఏండ్లు పక్కన నిలబడ్డా నాకు రాని వాని గమకం... నా వేళ్ల మీద పలుకుతాంది. జనం కండ్లు మూసుకొని ఊగుతాన్రు. తిరుమల చేతులు జోడిచ్చిండు. నాకు ఊపిరాడ్తలేదు. నోరు తీద్దామంటే పెదవులు రాలే. అతుక్కపోయినయి... చెవి పక్కన, పరీక్షల జవాబు అడిగినంత మెల్లగ...

"చెప్తవారా?"

తలూపిన. చెప్త. అందరికి చెప్త. వదులు...

రీడు వదిలింది. దగ్గొచ్చింది. దస్తీ అడ్డం పెట్టుకున్న. తీసి చూస్తే ఎర్రగున్నది.

ముందు వరుస కుర్చీలు కిర్రుమని వెనక్కి జరిగినయి.

"వానికి ఏం లేకుండె! నేనే అబద్ధం చెప్పిన!" అని అరిసిన. నోరు ఆడింది, మాట రాలే. దగ్గే వచ్చింది. మళ్ల అరిసిన. మళ్ల దగ్గే. తిరుమల ముక్కుకు దస్తీ పెట్టుకొని, "వినయ్, జర దూరం కూసోరా... పిల్లలున్నరు," అన్నడు. జ్యోతి ఒక్కతే కదల్లే. నన్నే చూసుకుంట నిమ్మలంగ ఊపిరి పీల్సుకున్నది.

దవాఖానల దగ్గి ఉమ్మిన గల్ల పరీక్ష, ఎక్స్‌రే అన్ని చేసిన్రు. ఏ జబ్బు లేదని కాయితం ఇచ్చిన్రు. బ్యాండోళ్లకు తీస్కపోయి చూపెట్టిన. గేటు కాడనే నిలబెట్టి మాట్లాడిన్రు. అప్పటికే వేరే మాస్టర్ను పెట్టుకున్నరు. చేసిన పాపం నోటితో చెప్పబోతే దగ్గే వస్తాంది. ఇదంత రాసి బ్యాచ్ గ్రూపుల పెట్టిన. జబ్బుతోని పాపం మతి చెడిందన్నరు.

నిన్న ఇంకో డాక్టర్ దగ్గరికి పోయిన. ఊరికి కొత్త ఆయన, నా సంగతి, ప్రభుదాసు సంగతి ఏం తెల్వదు. స్టెతస్కోపు నా ఛాతి మీద పెట్టి, "ఊపిరి ఆపండి," అన్నడు.

ఆపిన. ఆయన వింటాండు. శానసేపు విన్నడు. నాకు కండ్లు తిరుగుతానయి.

"ఏం లేదండీ, క్లియర్‌గా ఉంది," అన్నడు. కాని స్టెతస్కోపు తియ్యలే. ఆయన కండ్లు సగం మూతపడ్డయి. "ఇంకొంచెంసేపు... ఆపండి."

కిందికి చూసిన. బల్ల కింద ఆయన బూటు నేల మీద ఆ చర్చి పాటకే తాళం వేస్తాంది... మెల్లగ, ఒక్క దెబ్బ తప్పకుండ.