సాక్షి ముక్క

ల్యాబు తాత డిటెక్టివ్ గది తలుపు తోసుకుని వచ్చేసరికి అతని చొక్కా ముందంతా నెత్తుటి మరకలు.

"అయ్యా, అమ్మాయి గొంతు కోసేశారు! పక్కనే పడున్న బ్లేడు నా పెట్టెలోది. ఉరి నాకే వేస్తారు," అంటూ కూలబడ్డాడు.

కేన్సర్ ల్యాబులో కణితి ముక్కల్ని పల్చటి పొరలుగా కోసే పని అతనిది. భోజనం చేసొచ్చి మూడు నుంచీ తన గదిలో కోతలోనే ఉండి, ఆరింటికి పక్కగది తలుపు తీసి, పడున్న అమ్మాయిని ఎత్తబోయాడట.

డిటెక్టివ్ వెంట అసిస్టెంటు పరుగుతీశాడు. తాత కోసిన పొరలకు మందు పెట్టి స్లైడులు చేసే టెక్నీషియన్ అమ్మాయి నేలమీద పడి ఉంది. మెడ ఈ చెవి నుంచి ఆ చెవికి తెగింది. గోళ్లు విరిగాయి, గోడంతా చేతిముద్రలు. నెత్తురు అప్పటికే నల్లగా అట్టకట్టింది. డిటెక్టివ్ ఆమె పిడికిలి విప్పి నలిగిన చీటీ తీశాడు: 'నలభై మందివీ మళ్లీ చెయ్యాలి.'

కబురందుకుని వచ్చిన ల్యాబు పెద్ద డాక్టరు ఆమె బల్ల మీది స్లైడు అందించాడు. "నేను రెండింటికే వెళ్లిపోయాను. ఇది ఆమె ఐదింటికి పూర్తిచేసింది, చూడండి, టైము రాసుంది. అప్పుడిక్కడ తాతొక్కడే ఉన్నాడు."

"ఏముంది ఇందులో?"

"అండాశయం కణితి. కణాలు అదుపు తప్పకుండా ఒంట్లో ఓ కాపలా ప్రోటీన్ ఉంటుంది. అదుంటే మందు తగలగానే గోధుమరంగు తేలుతుంది. ఈ రోగికి బొత్తిగా లేదు."

డిటెక్టివ్ మైక్రోస్కోపు మీంచి తలెత్తాడు. "తాతా, స్లైడు మీద ఏమేం పెడతావు?"

"రోగి ముక్క, మూలన సాక్షి ముక్క. రంగెక్కుతుందని ముందే తెలిసిన ముక్క బాబూ. అదీ ఎక్కకపోతే మందు చెడినట్టే. మరిచిపోతే అమ్మాయి నన్ను ఉతికి ఆరేసేది."

ఇన్‌స్పెక్టర్నీ, ల్యాబు వాళ్లందర్నీ డిటెక్టివ్ పిలిపించాడు.

"ఈ స్లైడుకు సాక్షి ముక్క లేదు. కాబట్టి తాత కోసిందీ కాదు, ఆమె చేసిందీ కాదు. స్లైడులు చూడటమే తప్ప చెయ్యడం అలవాటులేని చెయ్యి ఇది. పైగా పక్కనున్న మంచి కణాలకైనా లేతరంగు రావాలి, రాలేదు. మందే చెడిపోయింది. ఆ మందుతో మీరిచ్చిన నలభై రిపోర్టులూ వెనక్కి తీసుకోమంది ఆమె. మీ పరువు పోతుందని, తాత భోజనానికెళ్లినప్పుడు అతని బ్లేడుతోనే రెండింటికే చంపారు. ఆరింటికే నెత్తురు నల్లగా అట్టకట్టింది మరి, గంటలో అలా కట్టదు! స్లైడు మీద ఐదని రాసి, చచ్చిన మనిషిని ఐదింటిదాకా బతికించారు, డాక్టరుగారూ."

డాక్టరు సీసా పగలగొట్టి మీదికి ఉరికాడు. గాజు అసిస్టెంటు ముంజేతిలో దిగింది. డిటెక్టివ్ డాక్టరు మణికట్టు విరిచేదాకా వదల్లేదు.

కట్టు కట్టించుకుంటూ అసిస్టెంటు అనుకున్నాడు: ఒంట్లో కాపలా పెట్టిన దేవుడు మనసులో పెట్టడం మరిచాడా?

తాత చొక్కా విప్పి, చేతులు కడుక్కున్నాడు.

"బ్లేడు ఇంకోటి ఇప్పించండి బాబూ. నలభై మంది ఆడకూతుళ్లు ఎదురుచూస్తున్నారు."

కొత్త స్లైడు తీసి, ముందుగా మూలన సాక్షి ముక్క పెట్టాడు.