జిగురు ఆరకముందు నవ్వితే

మా ఊరి దారిలో నేల కుంగి నీళ్ళు నిలిచిన గుండం ఉంది కదా, పొద్దుగూకాక అటు ఎవరూ పోరు. ఎందుకంటారా? చెప్తాను, కుదురుగా కూర్చోండి.

వెనకటికి ఒక పెళ్ళికూతురు పంట్లో పచ్చరాయి పొదిగించుకుని, జిగురు ఆరకముందే ఆ గట్టున పకపకా నవ్విందట. రాయి ఊడి నీళ్ళలో పడింది. అందుకోబోయి తనూ పడింది. ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉందట... నోరు తెరుచుకుని.

నా మనవడు కానుల్, పొరుగూరి సుసుయ్‌ మీద మనసు పడ్డాడు. పడడూ మరి! నుదురు మొక్కజొన్న కంకిలా వెనక్కి వాలి, రెండు కళ్ళూ ముక్కుకేసి చూసుకునే, మావాళ్ళు మెచ్చే చక్కని పిల్ల. కానీ దాని నాయనమ్మ వీడి నోట్లోకి తొంగిచూసి, "పెళ్ళీడొచ్చినా రాయి పొదగని వట్టి పళ్ళేనా వదినా? ఇలాంటివి మా కుక్కకీ ఉన్నాయి!" అంది.

నేనూరుకుంటానా? "మీ పిల్లవి మాత్రం? ఎలక కొరికిన కంకిలా!" అన్నాను.

"రేపు పొద్దున వస్తాం. అప్పటికీ ఇంతే అయితే ఈ సంబంధం లేనట్టే," అని విసురుగా లేచింది.

కానుల్ ఎవరికీ చెప్పకుండా పళ్ళు తొలిచే ముసలాయన దగ్గరికి పరిగెత్తాడు. ఆయన ఇసుక వేసి, పుల్ల తిప్పి పన్ను తొలిచి, జిగురుతో ఒక పచ్చరాయి అతికించి, "రేపు మధ్యాహ్నందాకా నోరు మూయకు. మూశావో రాయీ ఊడుతుంది, పెళ్ళీ ఊడుతుంది," అన్నాడు.

చీకటి పడింది. చేతిలో దివిటీ... నోరు గుహలా తెరిచి... గుండం దగ్గరికొచ్చాడు.

గట్టున ఎవరో కూర్చుని ఉన్నారు. జుట్టు విరబోసుకుని —

మెల్లగా తల తిప్పింది. నోరు తెరిచే ఉంది! లోపల పచ్చగా... తళుక్కుమంది.

వీడు అరవాలి. అరిస్తే పెళ్ళి పోతుంది. "ఆఁ... ఆఁ..." అన్నాడు.

అదీ "ఆఁ... ఆఁ..." అంది.

ఇంటికొచ్చి దుప్పట్లో దూరాడు, నోరు తెరిచే.

తెల్లారి వాళ్ళొచ్చారు. సుసుయ్ గుమ్మంలో నిలబడింది, నోరంతా తెరుచుకుని.

"మూసుకోవే అమ్మాయ్, ఈగలు దూరతాయి!" అన్నాను.

తల అడ్డంగా ఊపింది. ఇంతలో కానుల్‌ని చూసింది. వాడూ దాన్ని చూశాడు.

"ఆఁ!"

"ఆఁ!"

అదీ నిన్న అదే ముసలాయన దగ్గరికి వెళ్ళింది మరి! వస్తూ కళ్ళు తిరిగి గుండం గట్టున కూలబడిందట. సంగతి అర్థమై ఇద్దరూ ఒక్కసారి పగలబడి నవ్వారు — టప్, టప్! చెరో రాయీ నేల మీద.

ఇక సంబంధం లేనట్టే అనుకున్నాను. వియ్యపురాలు వాడి తొర్ర చూసింది, దాని తొర్ర చూసింది, నన్ను చూసింది. "ఇక ఎవరికి వంక పెడతాం వదినా? ముహూర్తం చూడు," అంది.

నేల ఊడ్చి రాళ్ళు ఏరాను. మూడు దొరికాయి.

ముసలాళ్ళం గబగబా మా నోళ్ళు తడుముకున్నాం. మా పళ్ళలో రాళ్ళు మాకున్నాయి.

ఆ మూడోదాన్నుంచి నీళ్ళు కారుతున్నాయి.