పడుగు దాటినవాడు

“ఓ సారూ, ఆగు. పడుగు దాటుతున్నవేంది?”

రంజిత్ ఒక కాలు ఎత్తి అలాగే ఆగిపోయాడు. గద్వాలలోని ఆ సందు పొడవునా మోకాలి ఎత్తున చీర నేతకు పడుగు సాగదీసి ఉంది. వందల పోగులు ఉదయపు ఎండలో ఒక్క గుడ్డలా మెరుస్తున్నాయి. అటువైపు నడుముకు చున్నీ బిగించుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది.

“దాటితె ఏమైతది?” అంటూ ఎత్తిన కాలు అవతల పెట్టేశాడు.

“అయిపాయె. ఎనుకకు దాటు.”

“లేకుంటె?”

“పడుగు దాటినోన్ని పడుగు ఇడువదని మా అవ్వ అంటుండె.”

“అయితె మీ అవ్వనే అడుగుత. యాడుంది?”

“సచ్చిపోయి ఎనిమిది నెలలాయె,” అంది వసంత, నవ్వకుండా. “నాలుగు గంటలకు రా. అప్పుడైతె ఉంటది.”

రంజిత్‌ది తెలకపల్లి దగ్గర వ్యవసాయ కుటుంబం. సైకాలజీ చదివి, ఈ మధ్యే గద్వాలలో కౌన్సెలర్‌గా చేరాడు. అతణ్ణి పిలిచింది వసంత తండ్రి సాయన్న. తల్లి లేని ఆ పిల్లను అవ్వే, అంటే సాయన్న తల్లి జమ్ములమ్మే పెంచింది, నేత నేర్పింది.

“మా అమ్మకు ఎడమ కాలు సరిగ పడకపోతుండె సారూ,” అన్నాడు సాయన్న. “ఆమె మగ్గం సప్పుడు గల్లీల అందరికి ఎరుకే. రెండు దెబ్బలు, జర ఆగుడు, ఇంకో దెబ్బ. ఇప్పుడు రోజూ నాలుగు కాంగనె నా బిడ్డ గట్లనే నేస్తుంది. అడిగితె తెల్వదంటది.”

ఆయన చేతిలో పెద్ద కత్తెర ఉంది. పడుగు అయిపోయినప్పుడు మగ్గం మీద మిగిలిన కొసలను తీసెయ్యరు. కొత్త పడుగును ఆ కొసలకే పోగు పోగుగా అతుకుతారు. జమ్ములమ్మ అతికిన కొసలకే కొత్త అతుకులు పడుతూ ఆ మగ్గం ఇంతవరకు ఖాళీ కాలేదు.

“గీ పడుగు అయిపోయేదాంక చూస్త. రోగమని రాసిస్తె మందులు తాపిస్త. కాదంటె కొసలు తెంపి మగ్గం అమ్మేస్త. పిల్ల దక్కితె చాలు నాకు.”

వసంత మగ్గం కర్రను గట్టిగా పట్టుకుంది.

నాలుగింటికి వాన మొదలైంది. వసంత మగ్గం గుంటలో కాళ్లు పెట్టి సమంగా నేస్తోంది. గడియారం ముల్లు నాలుగు దాటింది. టక్ టక్… టక్.

రంజిత్ ఆమె కాళ్ల వైపు వంగి చూశాడు. వసంత వాన గురించి మాట్లాడుతూనే ఉంది. ఆ ఆగుడులో మాత్రం ప్రతిసారీ ఆమె కుడిచెయ్యి ముందుకు చాచుకుంటోంది, ఎదుట ఎవరో ఏదో అందిస్తున్నట్టు.

ఆ తర్వాత ప్రతి గురువారం వచ్చాడు. రక్తం పరీక్ష చేయించాడు. విటమిన్ తక్కువని తేలింది. మాత్రలతో ఆమె కాళ్లకు అప్పుడప్పుడు పట్టే తిమ్మిరి పోయింది, నేతలో ఆగుడు పోలేదు. నిద్ర సరిచేశాడు. చెవుల్లో దూది పెట్టించాడు. గడియారం తీసేయించాడు. అయినా సరిగ్గా నాలుగింటికి టక్ టక్… టక్. అతని కాగితంలో ‘కారణం’ అని ఒక చిన్న గడి ఉంది. అందులో పెన్సిలుతో రాసి చెరిపి, కాగితం పలచబడింది.

“మోటరు చెడితె మెకానిక్ ఒక్కొక్క పార్టు ఇప్పి చూస్తడు. నేను గూడ గంతే,” అన్నాడు రంజిత్ ఒకరోజు.

“ఇప్పినంక అన్ని మంచిగనె ఉంటె?”

“ఇంకా చిన్నగ ఇప్పుత.”

“గంత చిన్నగ ఇప్పి మల్ల బిగిస్తె, అది నేనే అయితనా సారూ?”

“సారు కాదు, రంజిత్.”

“నీ పార్టులు గూడ ఇప్పవట్టితివి,” అంది వసంత. ఆ రోజు మొదటిసారి నవ్వింది.

ఆఫీసులో పక్క బల్ల ఆయన ఒకనాడు, “ఏంది తమ్మీ గా సప్పుడు?” అని అడిగాడు. రంజిత్ కిందికి చూశాడు. తన వేలు బల్ల మీద కొడుతోంది. రెండు దెబ్బలు, ఆగుడు, ఒక దెబ్బ. టైము చూడబుద్ధి కాలేదు.

ఆ గురువారం అడిగాడు. “ఆగినప్పుడల్లా చెయ్యి ఎందుకు చాస్తవు?”

“నేనా?” వసంత తన అరచేతిని కొత్తగా చూసుకుంది. “పోగులు అతికేటప్పుడు అవ్వ ఎదురుంగ కూసొని అందిస్తుండె. ఆమె అందియ్యాలె, నేను అతకాలె. ఎప్పుడు అతికినా నాలుగింటికే కూసుంటుంటిమి.”

“అయితె అలవాటు. గంతే రాస్త.”

“రాయి. అవ్వంటె నాకు పాణం ఉండె. గది ఏ గడిల రాస్తవు?”

రంజిత్ పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు. నూనెను, వత్తిని, నిప్పును విడివిడిగా చూపించవచ్చు. వెలుగును ఎక్కడ నుంచి తీసి చూపిస్తారు?

పడుగు అయిపోయిన రోజు సాయన్న కత్తెర తెచ్చాడు. “ఏం రాసినవు సారూ?”

గడి ఖాళీగా ఉంది. “ఒక్కపూట ఆగు పెద్దయ్యా. కొత్త పడుగు అతకనియ్యి. అవ్వ జాగల నేను కూసుంట.”

పోగు జారకుండా వేళ్లకు బూడిద రాసుకుని ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. అతను కొస అందిస్తే ఆమె మెలిపెట్టి అతుకుతోంది. రేకుల మీద వాన. ఒకసారి వేలికి వేలు తగిలి, ఇద్దరి చెవులూ ఎర్రబడ్డాయి.

కొంతసేపటికి రంజిత్ కాలు తిమ్మిరెక్కింది. నీళ్ల కోసం చప్పుడు చెయ్యకుండా లేచి, కుండ దగ్గరికి వెళ్లి వెనక్కి చూశాడు.

వసంత తల వంచుకుని అతుకుతూనే ఉంది. అరచెయ్యి చాస్తోంది, పోగుతో ముడుస్తోంది. మళ్లీ చాస్తోంది. ఎడమ చేత్తో తానే అందుకుంటోందా? అక్కడి నుంచి ఆమె వీపు, చాచే కుడిచెయ్యే కనిపిస్తున్నాయి.

“మంచిగ అందిస్తున్నవు రంజిత్,” అంది తల ఎత్తకుండా. “చెయ్యి అలవాటు పడ్డది.”

గుమ్మంలో సాయన్న కత్తెరను కిందికి దించాడు.

వీధి తలుపు తెరిచే ఉంది, పోదలిస్తే పోవచ్చు. రంజిత్ గ్లాసు కింద పెట్టాడు. వచ్చి, ఇందాక కూర్చున్న చోట కాకుండా, దాని అంచున ఒదిగాడు.

“జర జరుగు అవ్వా,” అన్నాడు మెల్లగా. “నేను గూడ కూసుంట.”

వసంత తల ఎత్తింది. అతన్ని చూసింది, పక్కనున్న ఖాళీని చూసింది, తన చేతిలోని పోగును చూసింది.

“నువ్వు యాడికి పోయినవు?”

“నీళ్లకు.”

“ఎంతసేపాయె?”

“జరసేపే.”

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అది భయం కాదు. “ఇప్పుడన్న ఎనుకకు దాటుతవా?”

“దాట,” అన్నాడు. మరో కొస అందించాడు.

సాయన్న గొంతు సవరించుకున్నాడు. “మరి గా గడిల ఏం రాస్తవు సారూ?”

“గడి సరిపోతలేదు మామా.”

‘మామా’ అన్న మాటను సాయన్న నోట్లోనే రెండుసార్లు తిప్పుకున్నాడు. కత్తెరను తల్లి ఫొటో ముందు దీపం పక్కన పెట్టి, దండం పెట్టుకున్నాడు. వంటింట్లోకి పోతూ వెనక్కి తిరిగి, “మూడు గిలాసల చాయ్ పెడుదునా?” అని అడిగాడు.

“నాలుగు పెట్టు నాయినా,” అంది వసంత.