నాలుగో ఫ్రీజర్‌లో ఎర్రచుక్క

అమెరికాలోని డులూత్‌లో సరస్సు ఒడ్డున ఉన్న శీతల గిడ్డంగిలో నాలుగో ఫ్రీజర్ వైపు, చీకటి పడ్డాక ఎవరూ ఒంటరిగా వెళ్ళరు. చేపల పెట్టెలు దింపే లారీవాళ్ళు సైతం ఆ తలుపు ముందు ఇంజన్ ఆపరు.

రెండు చలికాలాల కిందట, ఫోర్క్‌లిఫ్ట్ నడిపే లియోనా పెరాలా ఆ గదిలోనే గడ్డకట్టి చనిపోయింది. లోపలి గడియ పట్టేసింది. మెడలో ఆపద బటన్ ఉంది… అక్కడ పనిచేసే అందరికీ ఉంటుంది. నొక్కితే గది కప్పుకి బిగించిన వైర్‌లెస్ పెట్టె ఆ కబురు అందుకుని బయటికి పంపుతుంది. కంపెనీ గిడ్డంగులన్నిటి నెట్‌వర్క్‌నీ ఒక్కచోటి నుంచే కనిపెట్టి చూసే సాఫ్ట్‌వేర్ కంట్రోల్ రూములో ఉంది. అది పెద్ద తెర మీద ఎర్రచుక్క వెలిగించి, పక్కన నొక్కినవారి పేరు చూపి, మోత మోగిస్తుంది. కాపలా ఉన్న మనిషి ‘చూశాను’ అని నొక్కి కారణం రాస్తే, మోత ఆగి చుక్క బూడిదరంగుకి తిరుగుతుంది.

ఆ సాయంత్రం తెర ముందు ఉన్నది సూపర్‌వైజర్ కర్టిస్ హౌగెన్. “ఆమె బటన్ నొక్కనే లేదు,” అని విచారణలో చెప్పాడు. తప్పంతా చచ్చినామె నెత్తిన పడింది.

తర్వాతి సంగతి, అతని కింద పనిచేసే మార్లిస్ టోయివొనెన్ చెప్పగా విన్నదే.

ఈ జనవరిలో, చీకటి పడగానే, తెర మీద ఆ ఖాళీ గది చోట చుక్క వెలగడం మొదలైంది. పక్కన పేరుండదు. కర్టిస్ ‘చూశాను’ నొక్కేవాడు. కాసేపటికి మళ్ళీ…

“పైనున్న పెట్టె చెడింది. మార్చేసి వస్తా,” అని ఒక సాయంత్రం లేచాడు.

“తోడెవరినన్నా తీసుకెళ్ళు బాసూ.”

“ఎవర్ని, లియోనానా?” నవ్వాడతను. “నా కాఫీ మాత్రం తాగెయ్యకు.”

మార్లిస్‌కి నవ్వు రాలేదు.

కాసేపటికి తెర మీద నాలుగో గది నల్లబడింది. పాత పెట్టె విప్పినట్టున్నాడు. ఆ నలుపులోనే — ఎర్రచుక్క. మోత. కొత్తది బిగించాడు కాబోలు అనుకుంటూ పేరు చూసింది.

కర్టిస్ హౌగెన్.

ఆమె కుర్చీలోంచి లేచేలోగా మోత ఆగింది. చుక్క బూడిదరంగైంది. మౌస్‌ని ఎవరూ ముట్టుకోలేదు…

‘చూసినవారు: లియోనా పెరాలా. కారణం: మళ్ళీ ఉత్తుత్తి మోతే. పట్టించుకోకండి.’

మళ్ళీ ఎరుపు. మళ్ళీ బూడిదరంగు. అదే పేరు… అవే మాటలు.

మార్లిస్ పరిగెత్తింది. చెయ్యి తగలగానే ఆ గడియ మెత్తగా జారింది.

కర్టిస్ తలుపు పక్కనే కూలబడి ఉన్నాడు. కనుబొమల మీద మంచు. బొటనవేలు ఇంకా బటన్ మీదే ఉంది.

“లే బాసూ. నీ మోత అందింది.”

“అందదు,” అన్నాడతను.

పాత పెట్టె అతని ఒళ్ళో ఉంది. కొత్తది అట్టపెట్టె విప్పకుండా అలాగే పడుంది. కప్పునుంచి ఉత్త తీగ వేలాడుతోంది. ఆ ఇనప గోడలు దాటి కబురు పోవడానికి వేరే దారి లేదు.

 తెర మీద తాను చూసిందంతా మార్లిస్ గుసగుసగా చెప్పింది — ఆ పేరు, ఆ మాటలు.

“అవి నా మాటలు…” అతని పెదవులు సరిగా కదలడం లేదు. “ఆ రోజు ఆమె మోత ఆపి నేను రాసినవి. తర్వాత చెరిపేశాను. నేను తప్ప ఎవరూ చూళ్ళేదు.”

వెనక తలుపు కదిలింది.

మార్లిస్ భుజం అడ్డం పెట్టింది. ఆగలేదు. ఆమెను కూడా నెట్టుకుంటూ మెల్లగా… మూసుకుంటోంది.

“చెబుతాను,” అన్నాడు కర్టిస్. “నువ్వు నొక్కావని… అందరికీ చెబుతాను లియోనా.”

తలుపు ఆగింది. ఒక్క మనిషి పక్కకి తిరిగితే పట్టేంత సందు మిగిల్చి… వింటున్నట్టు.