నెమలివాగు డోలు

మేడికొండ దుర్గం చుట్టూ శత్రురాజు భైరవదేవుని గుడారాలు లోయ పొడవునా పరచుకొని ఉండగా, వాటి నడుమ సన్నగా పారే నెమలివాగును చూసి నవ్వని కొలువుకాడు కోటలో లేడు. ఎగువన ఆ నీటినే నమ్ముకొన్న కోయలను మనుషుల లెక్కలోనే వేసేవారు కారు. ఆ పట్టుబట్టల సోమరులను చూస్తే కోట సేనాని పోలనాయకునికి ఒళ్ళు మండేది.

కోయలు వేసవిలో మంగకాయలు దంచి వాగులో కలుపుతారు. చేపలు మత్తెక్కి తేలుతాయి. ఆ నీరు తాగిన మనిషి వాంతులతో కూలబడతాడు. కనుక ముందుగా డోలు కొట్టి దిగువవారిని హెచ్చరించడం వారి కట్టుబాటు. పోలనాయకుడు దొంగదారిన కొండకు పోయి, ఈసారి డోలు కొట్టకుండా కలపమని వారి పెద్ద అయిన సోడి ముత్తయ్యను వేడుకొన్నాడు.

“కలుపుతాం దొరా, ఆళ్ళు మా గుడిసెలు తగలెట్టారు. డోలు మాత్రం మానం. తాగేటోడు పగోడైనా చెప్పాల్సిందే” అన్నాడు ముత్తయ్య.

లోలోపల తిట్టుకొంటూనే సేనాని కొలువుకు వచ్చి చేతులు జోడించాడు. “దేవరా! రేపు కొండమీద డోలు మోగుతుంది. ఆపై కోట తలుపులు తెరిపించండి. సాయంకాలానికి శత్రువు ఓడకుంటే నా తల తీయించండి.” మంత్రి మల్లనపై నమ్మకం లేక మంగకాయల మాట ఎత్తలేదు.

మల్లన పకపకా నవ్వాడు. “అడవి మనుషులు డోలు కొడితే దండు పారిపోతుందట! ఈయన సేనానా, గంగిరెద్దులవాడా? దేవరా, కోట అప్పగించి ప్రాణాలు దక్కించుకొందాం.”

“సాయంకాలం వరకే గడువు. తప్పితే నీ తల పోతుంది, కోటా పోతుంది” అన్నాడు రాజు.

మరునాడు డోలు మోగింది. తాగవద్దని కోయలు గొంతు చించుకొని అరిచారు. వాగు మీకే రాసిచ్చారా అంటూ భైరవుని భటులు ఎగతాళికి దోసిళ్ళతో మరింత తాగారు. మధ్యాహ్నానికి దండంతా కడుపు పట్టుకొని నేల కరచింది. బావినీరు తాగిన కోటవారు తలుపులు తెరచుకొని దూకారు. పోలనాయకుడు కత్తి దూశాడే గాని, దానికి పెద్దగా పని పడలేదు.

భైరవుని గుడారంలో, భైరవుని పక్కనే, తన వాంతిలో తానే పొర్లుతూ మల్లన కనిపించాడు. కోటకు బదులుగా తనకిచ్చే జాగీరు మాట తేల్చుకొనడానికి ఉదయమే కోట వెనుక దిడ్డివాకిలి గుండా జారుకొని వచ్చి, వాగునీటి పానకం తాగాడు. కొలువుతో సహా సేనాని వెంట వచ్చిన రాజు సిగ్గుతో తల వంచి సేనానిని కౌగిలించుకొన్నాడు.

అంతలో ముత్తయ్య కుండతో అంబలి తెచ్చి రోగులకు పోయసాగాడు. మల్లన గటగటా తాగి, మూతి తుడుచుకొని, “ఇది ఎవడు ముట్టిన కుండ?” అని అడిగాడు.

పోలనాయకుడు అసహ్యంతో పక్కకు ఉమ్మాడు. “దేవరా, వీడి నెత్తురు నా కత్తికి వద్దు.”

“అయితే ముత్తయ్యా, వీణ్ణి మీ పల్లెకు వెట్టివానిగా తోలుకుపో” అన్నాడు రాజు.

ముత్తయ్య మంత్రిని ఎగాదిగా చూశాడు. “ఈయనకి ఏం పని వచ్చు దొరా?”

కొలువంతా ఆలోచించింది. ఒక్కరికీ జవాబు తోచలేదు.